చలికాలంలో పూసిన పూలు

కోరుట్ల
9 జూలై 2023

భూమన్నా,

ఈ చేతిరాత గుర్తుపట్టావా? వీర్నపల్లి హైస్కూల్లో నీకు తొమ్మిది, పది తరగతుల్లో జీవశాస్త్రం చెప్పిన ప్రేమలత టీచర్‌ని. నీ ఇంటి నంబరు తెలియదు. పేరూ ఊరూ రాస్తే చాలు, పోస్ట్‌మ్యాన్ తెచ్చిస్తాడన్న నమ్మకంతో రాస్తున్నాను.

రిటైరై ఏడేళ్లయింది. కోరుట్లలో ఒక మేడమీది వాటాలో ఒక్కదాన్నే ఉంటున్నాను. రెండేళ్లుగా చెవులు వినపడవు. మిషన్ పెట్టుకుంటే మాటలకు బదులు డబ్బాలో రాళ్లు ఆడించినట్టు చప్పుడు. అది తీసి సొరుగులో పడేశాను. ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడం అందుకే.

పని ఏమిటంటే, సుస్మిత అని నా పాత విద్యార్థి, సిరిసిల్లలో డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఏయే ఆర్కిడ్లు ఉన్నాయో ఒక చిన్న పుస్తకం వేస్తానంటోంది. ఇళ్లలో కుండీల్లో పెంచుకునేవి ఒక భాగం, అడవిలో వాటంతటవి పెరిగేవి ఒక భాగం. కుండీలు నా వంతు. అడవి ఎవరి వంతు అని ఆలోచిస్తే నువ్వే గుర్తొచ్చావు. మీ నాయనతో తాడు, అదే తాటిచెట్టు, ఎక్కినప్పుడు పక్క చెట్ల నెత్తిమీద బదనికలు, అంటే కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్లు, పూయడం చూశానని తరగతిలో లేచి చెప్పావు. అందరూ నవ్వారు. మర్నాడు ఏ చెట్టు మీద ఏ రంగో కాగితం మీద రాసి తెచ్చావు.

ఇంకా కల్లు గీత పనిలోనే ఉన్నావా? ఉంటే, కనిపించినవి రాసి పంపు. ఏ చెట్టు, ఏ నెల, ఏ రంగు. అంతే.

నీ
ప్రేమలత టీచర్


వీర్నపల్లి
24 జూలై 2023

గౌరవనీయులైన టీచర్ గారికి,

భూమన్న నమస్కారాలు. మీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ చేతికిచ్చినప్పుడు బ్యాంకు నోటీసు అనుకున్నాను. చింపి చూస్తే మీరు. మూడుసార్లు చదివాను. సాయంత్రం నా భార్య రేణుక వచ్చాక ఆమెకూ చదివి వినిపించాను. ఆమె సిరిసిల్లలో బట్టల ఫ్యాక్టరీలో అంగీలు కుడుతుంది. పొద్దున ఏడింటికి ఆటో ఎక్కితే రాత్రి ఏడింటికి దిగుతుంది. మా బిడ్డ శ్రీలత హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతున్నది.

గీత పని చేస్తూనే ఉన్నాను టీచర్. పొద్దున్నే చెట్టెక్కే మోకు భుజాన వేసుకొని పోతాను. తాటి చెట్టు మీది నుంచి చూస్తే మిగతా చెట్లన్నీ మనకన్నా పొట్టిగా, తల వంచి కూర్చున్న మనుషుల్లా ఉంటాయి. వాటి నడినెత్తి కనిపించేది మాకే.

మొదటిది రాసుకోండి. వాగు దాటి అడవికి పోయే దారి పక్కన పాత ఇప్పచెట్టు ఉంది కదా, దాని రెండో కొమ్మ సందులో ఒక బదనిక. ఆకులు దళసరిగా, కొడవలిలా వంగి ఉంటాయి. వేళ్లు తెల్లగా, తాళ్లలా గాలిలో వేలాడుతాయి. పూల మీద పసుపు, గోధుమ రంగు గళ్లు, మా లుంగీ గళ్లలాగే. మధ్యన పెదవిలాంటి రేకు మాత్రం నీలం. నిన్న చూసినప్పుడు మూడు గెలలు ఉన్నాయి. వాసన కింది దాకా వచ్చింది.

ఇది సరిపోతుందా? ఇంకా రాయమంటారా?

మీ విద్యార్థి
భూమన్న


కోరుట్ల
13 ఆగస్టు 2023

భూమన్నా,

సరిపోవడమేమిటి! నువ్వు రాసింది వాండా. నీ గళ్ల లుంగీ పోలికను సుస్మిత అలాగే పుస్తకంలో పెడతానంది.

మొన్న జగిత్యాల వెళ్లాను. వీరేందర్ అని బ్యాంకులో పనిచేసే ఆయన మిద్దె మీద పచ్చ వల కట్టి పద్నాలుగు డెండ్రోబియంలు పెంచుతున్నాడని ఎవరో చెప్పారు. మట్టి ఉండదు. బొగ్గు ముక్కలు, ఇటుక పెంకులు, కొబ్బరి పీచు, వాటి మీద మొక్క. తెల్లవి, వంకాయ రంగువి, అంచు మాత్రమే గులాబీగా ఉన్నది ఒకటి. ఆయన గంటసేపు చెప్పాడు. నేను గంటసేపు తల ఊపాను. ఒక్క ముక్క వినపడలేదు. మధ్యలో ఆయన నవ్వితే నేనూ నవ్వాను. మెట్లు దిగాక, ఆయన ఏదైనా దుఃఖం చెబుతున్నాడేమో, నేను తప్పు చోట నవ్వానేమో అని దిగులు పట్టుకుంది. బస్సెక్కేదాకా అదే.

కోరుట్లలో ఒక బట్టల షోరూమ్ ముందు బల్లమీద పెద్ద ఫాలెనాప్సిస్ చూశాను, సీతాకోకచిలుకలు వరుసగా వాలినట్టు. ఆశగా పోయి ముట్టుకున్నాను. ప్లాస్టిక్. రాసుకోలేదు.

నా వరండాలో నాలుగు కుండీలున్నాయి. మూడు బతికే ఉన్నాయి. పూయడం మాత్రం లేదు.

ఇంకా రాయమంటారా అని అడిగావు. రాయి.

ప్రేమలత టీచర్


వీర్నపల్లి
10 సెప్టెంబర్ 2023

టీచర్ గారికి నమస్కారాలు.

వానలు బాగా పడ్డాయి. వాగు ఒడ్డు గడ్డిలో నేలమీద పుట్టే తెల్లపూలు వచ్చాయి. జానెడు కాడ, దాని చివర ఏడెనిమిది పూలు. ఒక్కో పువ్వు వెనక సన్నని తోక వేలాడుతుంది. గడ్డి కోసేవాళ్లు చూడక కోసేస్తారు. నేను చూసినచోట నాలుగు రాళ్లు పెట్టి వచ్చాను.

మద్దిచెట్టు మీద ఇంకో రకం ఉంది. పూలు చిన్నవి, పసుపు మీద ఎర్ర చారలు. పోయినవారం కల్లు దించి వస్తుంటే కనిపించింది. మబ్బు పట్టి ఉంది. చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. ఇంకో ఆరింటి వివరాలు వెనక కాగితం మీద ఉన్నాయి.

మీ వీరేందర్ సారు సంగతి చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. ఆయన దుఃఖం చెప్పి ఉండడు టీచర్. పూలు చూపించేటప్పుడు ఎవరూ దుఃఖం చెప్పరు.

మా ఇంట్లో పొద్దంతా నేనొక్కణ్నే. అంటే, పనికి పోయి వచ్చాక అని.

భూమన్న


కోరుట్ల
19 నవంబర్ 2023

భూమన్నా,

ఆలస్యమైంది. జ్వరం వచ్చి తగ్గింది. పాలవాడు రెండు రోజులు తలుపు కొట్టి వెళ్లిపోయాడట. మూడో రోజు కింద ఇంటివాళ్లు తాళంచెవితో తీసి చూశారు. నేను మంచం మీద కూర్చుని నీ ఉత్తరాల్లోంచి జాబితా రాసుకుంటున్నాను. వాళ్ల మొహాలు చూసి నేనే భయపడ్డాను.

నువ్వు ఇప్పటిదాకా తొమ్మిది అడవి మొక్కలు రాశావు. తెల్లపూలది హబెనేరియా. వానల్లో పూసి, చలి రాగానే ఆకుతో సహా ఎండి, దుంపగా మట్టిలో దాక్కుంటుంది. ఇక వేసవి దాకా అడవిలో పెద్దగా పూసేవి ఉండవు. నీకూ నాకూ విశ్రాంతి. ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెడదాం.

రేణుకను అడిగానని చెప్పు.

ప్రేమలత టీచర్


వీర్నపల్లి
8 జనవరి 2024

టీచర్ గారికి,

ఏప్రిల్ దాకా ఆగలేక రాస్తున్నాను. మొన్న వాగు ఒడ్డున ఆ తెల్లపూలు మళ్లీ పూశాయి. మూడు కాడలు. చలిలో పూయడం వింతగానే ఉంది. కానీ కళ్లతో చూశాను. ఇంకొంచెం పైన, రాతి సందులో, లేత ఆకుపచ్చ పూలది కొత్తది ఒకటి కూడా కనిపించింది.

వీటిని జాబితాలో పెట్టుకోండి. నెల గడిస్తే ఇంకేమైనా కనిపించవచ్చు. పోయి చూసి రాస్తూ ఉంటాను. మీరు ఏప్రిల్ అన్నారు కానీ, మీకు వీలైతే ముందే జవాబు రాయండి.

భూమన్న


కోరుట్ల
16 జనవరి 2024

భూమన్నా,

జనవరిలో పూసిందా. రాసుకున్నాను.

ఇంకా ఏం కనిపిస్తాయో చూసి రాయి. ఏప్రిల్ దాకా ఆగనవసరం లేదు.

ప్రేమలత టీచర్


వీర్నపల్లి
12 ఫిబ్రవరి 2024

టీచర్ గారికి,

మీరు రాసుకున్నానన్నారు, సంతోషం. ఈ నెల ఇంకో రెండు. ఒకటి చింతచెట్టు మొదట్లో, ఒకటి గుట్ట ఎక్కే దారిలో. రెండూ పసుపు. పూర్తిగా విడిచాక వివరంగా రాస్తాను. రోజూ ఎండ రాకముందే పోయి చూస్తున్నాను.

చలి తగ్గింది. ఇంటి ముందు రేకుల షెడ్డు కింద కూర్చుని రాస్తున్నాను. పోస్ట్‌మ్యాన్ మోటార్ సైకిల్ చప్పుడు దూరం నుంచే తెలుస్తుంది. మా వీధిలో ఆయన ఆగేది మా ఇంటి ముందే అని అందరికీ తెలిసిపోయింది.

భూమన్న


కోరుట్ల
28 మార్చి 2024

భూమన్నకు,

పుస్తకం వచ్చే నెల అచ్చుకు పోతుంది. నీ పేరుమీద పదమూడు నమోదులున్నాయి. అచ్చులో పడ్డాక ఎవరైనా దాన్ని చేతబట్టుకుని వెతుక్కుంటూ రావచ్చు. అందుకని ఒక్కటే అడుగుతున్నాను. వాగు దాటిన చోట ఉన్న ఇప్పచెట్టు దగ్గరికి నువ్వే స్వయంగా వెళ్లి, ఆ వాండా ఇప్పుడెలా ఉందో చూసి రాయి. చూశాకే రాయి.

చెప్పవలసింది ఇంకేమైనా ఉంటే అది కూడా రాయి. నేను ఏమీ అనుకోను.

ప్రేమలత


వీర్నపల్లి
5 ఏప్రిల్ 2024

టీచర్ గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే నిన్న పొద్దున పోయి చూసి వచ్చాను. ఇప్పపూలు రాలుతున్నాయి. కింద నేలంతా తెల్లగా ఉంది, వాసనకు తల తిరిగింది. చెట్టు ఎక్కి దగ్గరగా చూశాను. వాండాకు ఈసారి నాలుగు గెలలు మొగ్గ తొడిగాయి. పాత కాయ ఒకటి పగిలి, లోపల పిండిలాంటి గింజలు గాలికి పోతున్నాయి. వేలు పెడితే అంటుకున్నాయి.

నిశ్చింతగా అచ్చు వేయించండి.

భూమన్న


కోరుట్ల
14 ఏప్రిల్ 2024

భూమన్నా,

మార్చి 24న నేను మీ ఊరు వచ్చాను.

ఫోటోలు కావాలని సుస్మిత పట్టుబట్టింది. నేను సిరిసిల్ల దాకా బస్సులో వచ్చాను. అక్కడి నుంచి ఆమె స్కూటీ మీద వచ్చాం. నీకు ముందుగా చెప్పలేదు. పూలు చూసి, తర్వాత మీ ఇంటికి వచ్చి, నిన్ను ఆశ్చర్యపరచాలనుకున్నాను.

వాగు దాటాం. అక్కడ తారురోడ్డు ఉంది, ఇప్పచెట్టు లేదు. గొర్లు కాసే పెద్దాయన ఓదెలు కనిపిస్తే సుస్మిత అడిగింది. ఆయన చెప్పినదంతా నాకోసం నోటుపుస్తకంలో రాసింది. ఆ కాగితం నా ముందుంది.

“గా ఇప్పచెట్టా? రోడ్డు ఎడల్పు జేసినప్పుడు కొట్టేసిండ్రు. మూడేండ్లాయె.”

“భూమన్న రోజూ వచ్చి చూస్తున్నాడట కదా?”

“ఏ భూమన్న? గౌండ్ల భూమన్ననా? ఆయన తాడు మీదికెళ్లి పడె గదమ్మా. నడుము ఇరిగింది. ఐదేండ్ల సంది మంచంలనే ఉంటడు. ఎవలు జెప్పిండ్రు మీకు?”

ఈ చివరి ప్రశ్నను సుస్మిత రాయబోయి ఆగింది. నేనే చూపించి రాయించుకున్నాను.

మీ ఇల్లు కనుక్కుని వచ్చాం. రోడ్డు మీద నిలబడితే రేకుల షెడ్డు కింద నువ్వు కనిపించావు. మంచం మీద దిండ్లకు ఆనుకుని, ఒళ్లో చెక్కపలక పెట్టుకుని రాస్తున్నావు. తల ఎత్తలేదు. జుట్టు నెరిసింది. సుస్మిత గేటు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కోపంతో కాదు. నన్ను చూడగానే నీ మొహం ఎలా మారుతుందో చూసే ధైర్యం లేకపోయింది.

సుస్మిత నన్ను సిరిసిల్లలో బస్సెక్కించి, నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసింది: “పుస్తకం ఆపేద్దామా టీచర్?” ఆమె ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. ఆమె పేరుతో అచ్చయ్యే పుస్తకం అది. ఆ పేజీ చింపి సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి నీకు ఆ ఉత్తరం రాశాను. నువ్వే చెబుతావని ఎదురుచూశాను. నువ్వు చెట్టెక్కి వచ్చానని రాశావు. గింజలు వేలికి అంటుకున్నాయని రాశావు.

ఎందుకు భూమన్నా?

ప్రేమలత


కోరుట్ల
6 మే 2024

భూమన్నా,

మూడు వారాలైంది. నీ ఉత్తరం రాలేదు. పోస్ట్‌మ్యాన్ కనిపించకుండా పోతాడని పదకొండు గంటలకల్లా కిందికి దిగి మెట్ల మీద కూర్చుంటున్నాను.

తిట్టడానికి కాదు. రాయి.

ప్రేమలత


వీర్నపల్లి
19 మే 2024

టీచర్,

ఇగ పుస్తకం భాష నాతోని కాదు. నేను మాట్లాడినట్టే రాస్త.

ఓదెలు తాత చెప్పింది నిజం. 2019ల, ఎండకాలం. తెల్లారి తాడు దిగుతుంటే మోకు తెగింది. పదిమంది ఎత్తుకపోయి సిరిసిల్ల దవాఖానల ఏసిండ్రు, ఆడికెళ్లి కరీంనగర్. నడుము కింద నాది నాకు తెల్వది. పొద్దున రేణుక కడిగి, తినిపిచ్చి, షెడ్డు కింద కూసోబెట్టి పోతది. మల్ల ఆమె అచ్చేదాంక నేను, ఎదురుంగ గోడ. మొదట్ల దోస్తులు అచ్చెటోళ్లు. ఎంత దోస్తులైనా ఎన్ని దినాలు అస్తరు? అచ్చి ఏం మాట్లాడుతరు?

మీ ఉత్తరం అచ్చిననాడు “గీత పనిల ఉన్నవా” అని సూడంగనే పానం లేచొచ్చింది. ఐదేండ్లల్ల ఎవ్వలు నన్ను గట్ల అడుగలె. “ఎట్లున్నది పానం” అనే అడుగుతరు. నేను తాడు ఎక్కుతున్న అని రాసిన. రాస్తుంటె నిజంగనే ఎక్కినట్టు ఉండె. ఆ దినం గోడ కండ్లవడలె.

కాని టీచర్, పూలు అబద్ధం కాదు. తొమ్మిది నేను చూసినయే. తాడు మీద కూసోని, నేల మీద నడిచి, గీ రెండు కండ్లతోని. చూసిన ఏడాది ఒక్కటి మార్చిన. ఆ పూలు యాడికి పోతయి, ఆడనే ఉంటయి, నేను పోకుంటె ఏమాయె అనుకున్న.

చలికాలంల రాసినయి మాత్రం దొంగవి. నాలుగు నాలుగే. ఏప్రిల్ దాంక రాయనని మీరు అంటిరి. చలికాలంల పూలుండయి. పూలు లేకుంటె మీరు ఉత్తరం ఎందుకు రాస్తరు? గందుకే పూయించిన.

ఇప్పచెట్టు కొట్టేసిన ముచ్చట మీ ఉత్తరం చదివినంకనే తెలిసింది నాకు. రేణుకను అడిగిన.

“నీకు తెలుసా?”

“తెలుసు. రోజు గా రోడ్డు మీదికెళ్లే పోత గదా.”

“మరి నాకెందుకు చెప్పలె?”

“చెప్పి ఏం జేయాలె? నువ్వు కండ్లు మూసుకోని ఆడికే పోతవని నాకెర్క. ఉన్నదనే అనుకోనీ అనుకున్న.”

మల్ల ఆమె ఏడ్చింది. నేను పడ్డనాడు సుత ఏడువని మనిషి.

మీరు రోడ్డు మీద నిలవడి పోయిండ్రని చదివి, ఆ దినం తల ఎందుకు ఎత్తలే అని మస్తు బాధైంది. సుస్మిత మేడం నౌకరికి దెబ్బ తగిలే పని చేసిన. నా పేరు, నేను చెప్పినయి అన్నీ కొట్టేయుండ్రి. మీరు మల్ల రాయకున్నా నేను ఏమనుకోను.

భూమన్న


కోరుట్ల
27 మే 2024

భూమన్నా,

ఇప్పుడు నేను చెప్పవలసింది ఉంది.

హబెనేరియా జనవరిలో పూయదు. నేనే నీకు నవంబర్‌లో రాశాను, చలికి ఎండి దుంపగా దాక్కుంటుందని. నీ జనవరి ఉత్తరం చదవగానే నాకు తెలిసింది, నువ్వు చూడలేదని. ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేశాను, చూడకుండా రాసిన జవాబు నాకు తెలియదా? అయినా రాసుకున్నానని జవాబిచ్చాను. ఇంకా రాయమన్నాను. సుస్మితకు కూడా చెప్పలేదు. ఆ నెల మొత్తంలో నా పేరు రాసి ఉన్న కాగితం ఈ ఇంటికి వచ్చింది నీది ఒక్కటే. మిగతాది కరెంటు బిల్లు. అది మేడ మొత్తానిది.

కాబట్టి ఆ నాలుగు దొంగపూలు నీవి మాత్రమే కావు. విత్తనం నీది, నీళ్లు పోసింది నేను. ఈ మాట నిన్న సిరిసిల్ల వెళ్లి సుస్మితకు చెప్పాను. ఆమె నోటుపుస్తకం తీసుకుని, “మీ ఇద్దరితో నాకు కష్టమే టీచర్” అని రాసింది. ఆమె కళ్లలో నవ్వు ఉందో లేదో నాకు తెలియలేదు. కింద ఇంకో వాక్యం రాసింది: “ఆ తొమ్మిదింటికి అసలు సంవత్సరాలు తెప్పించండి.”

ఇదీ పని. అడవి భాగాన్ని రెండుగా చేస్తున్నాం. ఇప్పుడు చూసినవి, ఒకప్పుడు చూసినవి. నీ తొమ్మిదీ రెండో దాంట్లోకి వెళ్తాయి, నీ పేరుతోనే. ఏ చెట్టు, ఏ సంవత్సరం, ఇప్పుడు ఆ చెట్టు ఉందో లేదో. జ్ఞాపకాన్ని జ్ఞాపకం అని రాస్తే అది అబద్ధం కాదు. ఆ కొమ్మలను పైనుంచి చూసి, ఆ రంగులు చెప్పగల మనిషి నువ్వు తప్ప ఇంకెవరూ సుస్మితకు దొరకలేదు. కొన్నింటికి నీ మాటే మిగిలింది.

సంవత్సరాలు సరిగ్గా గుర్తు తెచ్చుకుని రాయి. గుర్తు లేకపోతే లేదని రాయి. తొందర లేదు, పుస్తకం వానాకాలం తర్వాతే.

నడుము సంగతి నాకు దాచినందుకు కోపం ఉంది. అది నేను అక్కడికి వచ్చి చెబుతాను. ఈసారి గేటు తీసుకుని వస్తాను.

నీ టీచర్
ప్రేమలత


వీర్నపల్లి
18 జూన్ 2024

టీచర్ గారికి,

భూమన్న నమస్కారాలు. ఇది పుస్తకానికి సంబంధించిన విషయం కాబట్టి మళ్లీ పుస్తకం భాషలోనే రాస్తున్నాను.

తొమ్మిదింటి సంవత్సరాలు వెనక కాగితం మీద ఉన్నాయి. ఏడింటికి ఖాయంగా చెప్పగలను. రెండింటికి గుర్తు లేదని రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఒకటి రెండుసార్లు ఏదో ఒక అంకె వేయబోయింది. ఆపుకున్నాను.

చెట్లు ఉన్నాయో లేవో తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు పోయి చూడాలి. మొన్న ఆదివారం రేణుకకు సెలవు. వెంకటేశం అని మా వీధిలో ఆటో నడుపుతాడు, నలుగురు పట్టి నన్ను దాంట్లో కూర్చోబెట్టారు. దవాఖానకు కాకుండా ఇంకోచోటికి పోవడం ఐదేళ్లలో ఇదే మొదటిసారి. ఇప్పచెట్టు ఉన్నచోట ఆపమన్నాను. తారు మీద మొదలు గుర్తు కూడా లేదు. కొంచెంసేపు చూసి, “పోనియ్” అన్నాను.

మద్దిచెట్టు ఉంది. కొమ్మ మీది మొక్క కూడా ఉంది, కానీ పూత లేదు. దాన్ని దూరం నుంచి నేనే చూశాను. ఇప్పుడు చూసినవాటిలో రాసుకోవచ్చు.

అడవి అంచున కందకం తవ్వి ఉంది. ఆటో దాటదు. అక్కడి నుంచి అరగంట నడిస్తే ఒక రాతిబండ వస్తుంది. 2014లో దాని వెనక నేలమీద పసుపు పూలు చూశాను. రేణుకను పొమ్మన్నాను.

“నేనా? నాకేం తెలుసు గా పూల గురించి?”

“పువ్వును పువ్వు అని గుర్తువడితె సాలు. పోయి సూడు. తెంపకు.”

“పామున్నదనుకో?”

“నువ్వే దాన్ని బెదిరిస్తవు.”

ఆమె తిట్టుకుంటూ చీర ఎగ్గట్టి కందకం దాటింది. వెంకటేశం నీళ్లు తెస్తానని వెనక్కి పోయాడు. నేనొక్కణ్నే ఆటోలో. చుట్టూ చెట్లు. టీచర్, చెట్లను కింది నుంచి చూడటం నాకు అలవాటు లేదు. నాకు కనిపించినవి మొదళ్లు, చెదలు, ఎవరో గొడ్డలితో పెట్టిన గాటు. తల వెనక్కి వంచితే ఆటో పైకప్పు అడ్డం. పైన ఏం పూసిందో తెలియదు. గంట దాకా అట్లా ఉన్నాను. ఒకసారి భయం వేసి పిలిచాను కూడా. జవాబు రాలేదు. ఆమె దూరం పోయింది.

వచ్చేసరికి మోకాళ్ల దాకా బురద. మొహం మాత్రం వేరుగా ఉంది.

“నువ్వు చెప్పిన పసుప్పచ్చయి లేవు. బండ ఎనుక అంత ఎదికిన.”

“పోనీ తియ్యి.”

“ఆగు. ఇంకోటి ఉన్నది. నేల మీదికెళ్లి ఒక్కటే కాడ, మూరెడు కూడ లేదు. కొనకు అచ్చినంక ఛత్రి కట్టె లెక్క కిందికి ఒంగింది. ఆ ఒంగిన కాడ గుత్తిగ పూలు. లోపల గీతలున్నయి. నేను నేల మీద బోర్ల పండి సూసిన.”

“ఏం రంగు?”

“గులాబి. కాదు, గులాబి కాదు. మా దగ్గర పిల్లల ఫ్రాకులకు ఏస్తరు ఒక దారం... తెస్త రేపు.”

నిన్న ఫ్యాక్టరీ నుంచి ఆ దారం ముక్క తెచ్చింది. ఈ ఉత్తరానికి సూదితో కుట్టి పంపిస్తున్నాను. లోపలి గీతలు దీనికన్నా ముదురు రంగట. ఎన్ని ఉన్నాయని అడిగాను. ఒకటేనట. పక్కన ఆకు అప్పుడే మొలుస్తున్నదట. రాత్రి అన్నం తింటూ కూడా దాని గురించే చెప్పింది. నేను అడుగుతూ ఉన్నాను, ఆమె చెబుతూ ఉంది. ఆమెకు తెలియనివి తెలియదంది.

నేను పని చేసిన ఇరవై ఏళ్లలో ఇట్లాంటిది ఒక్కసారి కూడా చూడలేదు. తాటి చెట్టు మీది నుంచి ఇది కనిపించదు.

దాని పేరేమిటో మీరు వచ్చినప్పుడు చెప్పండి. పుస్తకంలో వేస్తే, జూన్ 16, రాతిబండ వెనక, రేణుక చూసింది అని వేయండి. పక్కన నా పేరు పెట్టకండి టీచర్. నేను చూడలేదు.

భూమన్న